బాడీకి బిగించిన నల్ల వైరు

దానియేలూ,

ఆళ్లగడ్డలో నువ్వు ప్రతి వైరూ నీ చేత్తో వేసిన జీపును, నువ్వు పోయాక మొదటిసారి నీ కూతురు మేరీ ఈరోజు నంద్యాలకు, నా షెడ్డుకు తెచ్చింది. ఇంజనును నడిపే కంపెనీ కంప్యూటరు పోతే బయట దొరికే వేరే కంప్యూటరు పెట్టించిందట. దానికి ఆక్సిజన్ మీటరు కలపాలి. సైలెన్సరు గొట్టంలో పొగను చూసి, ఇంజనుకు పెట్రోలు ఎక్కువైందో తక్కువైందో చెప్పే మీటరు అది. మనమైతే ప్లగ్గు విప్పి రంగు చూసేవాళ్లం. ఆ రంగు మీద వాదులాడుకుంటూ ఆత్మకూరు బస్సు వదిలేసుకున్నాం ఒకసారి; అది వేరే కథ.

ఒక పాలు పెట్రోలుకు గాలి పద్నాలుగు పాళ్లని మీటరు చూపిస్తే, అదే లెక్క అందుకోవాల్సిన కంప్యూటరు పదిహేను చూపించింది.

"ఏందీ మామా, రెండూ రెండు మాటలు చెప్తాండాయి?" అంది మేరీ.

"మీ నాయన వైరింగ్ కదమ్మా, అట్లే ఉంటాది" అనేశాను. పోయినవాడు బదులు చెప్పడు కదా.

మేరీ జీపు వంక చూసి, "చివర్లో చేతులు వణుకుతాండెలే మామా" అంది మెల్లగా.

తీరా వెతికితే తప్పు నాది. మీటరు నల్ల వైరును, అంటే ఎర్త్ వైరును, అలవాటు కొద్దీ జీపు ఇనుప బాడీకి బిగించాను. మన కాలపు వాళ్లకు ఎర్త్ అంటే బాడీయే కదా. దాన్ని కంప్యూటరు ఎర్త్‌కు మార్చగానే రెండు అంకెలూ ఒకటయ్యాయి.

"మీ నాయన తప్పేమీ లేదమ్మా, నాదే" అన్నాను.

"పోనీలే మామా. మా నాయన ఉండింటే నిన్ను ఈడనే దులిపేస్తాండె" అని నవ్వింది.

నువ్వు దులిపి ఉంటే, చేతులు కడుక్కుని అన్నానికి పోయేవాణ్ణి; నువ్వు లేవు కాబట్టి షెడ్డులోనే కూర్చుని ఇది రాస్తున్నాను.