వంటింటి కింద పైపు

ఉదయగిరి

అన్నా,

వంటింటి నేల కింద పైపు పగిలింది. నేల పగలగొట్టి మారిస్తే ఎనిమిది వేలు, దాన్ని మూసేసి గోడ వెంట కొత్త లైను వేస్తే పదిహేను వేలని ప్లంబర్ జాకీర్ చెప్పాడు. మీ బావ తక్కువదే చాలన్నారు. నువ్వు ఆత్మకూరు నుంచి ఎనిమిది వేలు పంపింది అందుకే.

కానీ సుత్తి ఎత్తిన జాకీర్ ఆగిపోయాడు. "ఈడ పాప పాదముండాది గదమ్మా, ఎట్ట పగలగొట్టేది?"

తడి సిమెంటులో మా లిఖిత వేసిన అడుగు అది. పాప పోయి రెండేళ్లు. లీకు మొదలయ్యాక రోజూ పొద్దున అందులో నీళ్లు ఊరేవి, ఇప్పుడే కాళ్లు కడుక్కుని వచ్చినట్టు.

"గోడ వెంటే వెయ్యి" అన్నాను. మిగతా డబ్బుకు కమ్మలు అమ్మాను.

ఇప్పుడు లీకు లేదు. ఆ అడుగు ఆరిపోయింది. నిన్న పొద్దున చూస్తే, మీ బావ చెంబుతో అందులో నీళ్లు పోస్తున్నారు.

నువ్వు వచ్చినప్పుడు ఆ తడి చూడనట్టే ఉండు.

నీ చెల్లెలు