నూనె సీసా పంపడం లేదు

చిరంజీవి తమ్ముడు ప్రసోంగ్‌కు అక్క ఉరై దీవెనలు.

ఇక్కడ నీ మేనకోడలు రత్రీ, అల్లుడు, కోళ్లు అంతా కులాసా. నా ఒంటి సంగతి కింద రాస్తాను. ఫోనులో నీకు సగం వినపడదు, విన్న సగానికీ వాదిస్తావు. అందుకే ఉత్తరం.

నూనె ఎలా వేసుకుంటున్నానని అడిగావు. పెద్దాసుపత్రిలో ఇచ్చిన గంజాయి నూనె, పడుకోబోయే ముందు నాలుక కింద చుక్కలు వేసుకుంటాను. మొదట్లో నోరెండిపోయి, కళ్లు తిరిగి గుమ్మంలో కూలబడ్డాను. డాక్టరమ్మ మోతాదు తగ్గించింది. ఇప్పుడు వాంతులు లేవు. జిగురన్నం, చేపల కూర రుచి తెలుస్తోంది. నడుం నొప్పి పూర్తిగా పోలేదు గానీ నిద్రపోనిస్తోంది. పక్కింటి ఖంఫన్ మాత్రం ఊరుకోడు. "వయసులో నేను పీలిస్తే పోలీసులకు చెప్తానన్నావు, ఇప్పుడు నీకు సర్కారే పోస్తోంది" అని దెప్పుతాడు.

సోంగ్‌క్రాన్ పండగ ఫోటోలో నా బుగ్గలు చూసి జబ్బు తగ్గిందనుకున్నావు. "నాకూ ఒక సీసా పంపు, ఆసుపత్రిలో ఈ మందులు ఎక్కించుకోవడం మానేస్తాను" అని రాశావు. అది చదివిన వెంటనే కాగితం తీశాను.

ప్రసోంగ్, నాకు తగ్గలేదు. పండక్కి ముందే స్కానింగు తీశారు. ఊపిరితిత్తుల్లోని క్యాన్సర్ కాలేయానికి పాకింది. నీకు చికిత్స మొదలైంది అప్పుడే. బెదిరిపోతావని, చెప్పొద్దని రత్రీ చేత ఒట్టు వేయించుకున్నాను. నేను దాచిన మాట నిన్ను ఆసుపత్రి మాన్పించేదాకా వస్తుందనుకోలేదు.

స్కానింగు సంగతి చెప్పిన రోజు డాక్టరమ్మను అడిగాను, "మరి ఇంత తింటున్నాను కదమ్మా?" అని.

"తిండికీ, నిద్రకే ఆ నూనె, పెద్దమ్మా. గడ్డ దాని మాట వినదు" అంది. నేను తలూపుతుంటే చేయి పట్టుకుని మళ్లీ చెప్పింది.

నీ పేగులోది మొదట్లోనే, పాకకముందే బయటపడింది. పోతుందని మీ డాక్టరు ఆశ పెట్టాడు. నాతో ఆ మాట ఎవరూ అనలేదు. వాంతులు భరించలేకపోతే ఆయనకే చెప్పు. నూనె ఇవ్వొచ్చో లేదో ఆయనే చూస్తాడు. ఇచ్చినా అది చికిత్సతో పాటే, దానికి బదులు కాదు.

రత్రీ రైలు టికెట్లు తీసింది. గురువారం నీకు మందు ఎక్కిస్తుంటే పక్కనే కూర్చుంటాను. కోపముంటే అక్కడే తిట్టు. లేచి వెళ్లడానికి నీకు వీలుండదు, నాకు ఓపిక లేదు.

ఇట్లు,
నీ బెంగతో బయల్దేరుతున్న అక్క
ఉరై