మూడో బ్లాకులో రంపం

ఏప్రిల్ 3, బుధవారం

అడవి మూడో బ్లాకులో మొన్న మళ్ళీ అలర్ట్. అక్కడ చెట్లకి మేం కట్టిన రికార్డర్లలో మెషీన్ రంపం చప్పుడు పడితే సాఫ్ట్‌వేర్ ఎర్రచుక్క పెడుతుంది. ఇలాగే చుక్కలు పడితే ఎవర్నీ లోపలికి రానివ్వకుండా బ్లాకుకి తాళం వేస్తానని మా ఫారెస్టాఫీసు పెద్దసారు ఫోన్లో తేల్చేశాడు.

తాళం పడితే తేనె తీయడం బంద్. నేను అద్దెకుంటున్న ఇంటి ఓనరమ్మే తేనె సంఘానికి లీడరు. ఏడాది మొత్తానికి వాళ్ళ ఇళ్ళు గడిచేది ఈ సీజన్ మీదే. ఎలా చెప్పాలో తెలియక ఆవిడిచ్చిన లంచ్ డబ్బా తీసుకుని జారుకున్నాను.

ఏప్రిల్ 5, శుక్రవారం

చెప్పేశాను. అగ్గిమీద గుగ్గిలమైంది. తేనెపట్లు ఉండేదే ఆ చెట్లకైతే వాటిని మేమే ఎందుకు నరుక్కుంటామని, నా మిషన్లకి బుర్రుందా అని కడిగేసింది. తిడుతూనే డబ్బా మాత్రం అదిమి అదిమి నింపింది. మంచి మనిషి.

సాయంత్రం రూముకొచ్చి చూస్తే ఇంకో చుక్క.

ఏప్రిల్ 6, శనివారం

పట్టేశాను! చుక్కలన్నీ సోమ, బుధ, శుక్రవారాలే పడ్డాయి. అదీ మధ్యాహ్నం పూట. అంటే నేను బ్యాటరీలు మార్చడానికి అడవికెళ్ళే రోజులే! ఎంత ధైర్యం! నా టైంటేబుల్ ఎవరో లీక్ చేస్తున్నారు. సోమవారం చెప్తా వీళ్ళ పని.

ఏప్రిల్ 8, సోమవారం

రికార్డరున్న చెట్టు కిందే కాపు కాశాను. నరమానవుడు రాలేదు. భోజనం చేశాను. చల్లటి నీడ, గాలి. ఒక్క రెండు నిమిషాలు నడుం వాల్చానంతే.

రూముకొచ్చి చూస్తే గంటసేపు రంపం! నా నెత్తిమీదే కోశారా! ఒళ్ళు మండిపోయి, మా ఆవిడకి ఫోన్ చేసి ఆ ఆడియో వినిపించాను. ఒకటే నవ్వు. ఎంతకీ ఆపదే! ఆ రంపంతోనే ఆరేళ్ళుగా కాపురం చేస్తోందట. దాని దెబ్బకే తలగడ పట్టుకుని హాల్లోకి పోతోందట.

నేను గురక పెట్టనని ఇన్నాళ్ళూ ఎంత వాదించాను! ఛీ.

ఏప్రిల్ 9, మంగళవారం

పరువు పోతే పోయిందని పెద్దసారుకి ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వలేదు. రుజువు కావాలన్నాడు. రేపు ఆఫీసు నుంచి టెక్నీషియన్ వస్తాడట. అతని ఎదురుగా అదే చెట్టు కింద నేను నిద్రపోవాలట. చుక్క పడితే పాతవన్నీ కొట్టేస్తాడు. పడకపోతే ఎల్లుండి తాళం.

ఓనరమ్మకి చెబితే గుమ్మంలోనే కూలబడి నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, రేపు గానీ నిద్రపోకపోయానో, నా సామాను వీధిలో ఉంటుందని వార్నింగ్ ఇచ్చింది.

ఏప్రిల్ 10, బుధవారం, ఉదయం

రాత్రంతా మేలుకుందామనుకున్నాను. మంచమెక్కగానే హాయిగా పట్టేసింది. ఇప్పుడు నాలో నిద్రన్నది మిగిలిందా? కాఫీ కూడా ముట్టుకోలేదు. భయంగా ఉంది, నిజంగా.

మధ్యాహ్నం 1:00

చెట్టు కింద చాప. చుట్టూ తేనె సంఘం ఆడవాళ్ళంతా, ఊపిరి బిగబట్టి. డబ్బా ఇవాళ రెట్టింపు సైజు. తిన్నంత తిన్నాను, పడుకున్నాను. ఒక్క కునుకు రాదే! ఇంతమంది నోళ్ళలోకి ముద్ద నా గురక మీద ఆధారపడితే ఎవడికొస్తుంది నిద్ర? లేచి ఇది రాస్తున్నాను. పెన్ను పక్కన పెట్టమని ఓనరమ్మ కళ్ళురుముతోంది.

ఈలోగా సాఫ్ట్‌వేర్ ఎలా పనిచేస్తుందో మొదట్నించీ వివరిస్తానంటున్నాడు టెక్నీషియన్. సరే, కానియ్ అన్నాను.

3:20

చప్పట్లకి మెలకువొచ్చింది. ఓనరమ్మ పైట చెంగుతో కళ్ళొత్తుకుంటూ నవ్వుతోంది. తేనె తీయడం రేపటి నుంచే.

స్క్రీన్ మీద రెండు చుక్కలున్నాయి. మొదటిది నా గురకేనని సంతకం పెట్టి, నా డబ్బాలో మిగిలింది తినేసి, టెక్నీషియన్ నా పక్కనే చాప మీద ఉన్నాడు. రెండోది అతనిది.