తెలీదన్న మాట

అప్పా,

ఫోన్ చేస్తే కట్ చేస్తున్నావు. అందుకే ఈ కాగితం బావ చేతికిచ్చి పంపుతున్నాను. ఈ తమ్ముడి మీద కోపమున్నా చివరిదాకా చదువు.

ఈ వారం డయాలసిస్‌కి వెళ్ళలేదట. ఎవరో మందులాయన ఇచ్చిన వేర్ల పొడి తాగుతున్నావట. కాళ్ళు వాచాయని బావ చెప్పాడు.

మొన్న నేను వచ్చినప్పుడు నువ్వు అడిగిందే నన్ను తినేస్తోంది. "ఇన్నేళ్ళ నుంచి మీ సైన్సోళ్ళు మా రగతం, మా నూతినీళ్ళు అట్టుకెల్తన్నారు కదా. మన ఉద్దానంలోనే ఈ కిడ్నీ రోగం ఎందుకొస్తాదో తేలిందేటి?" అన్నావు. ఇంకా తెలీదన్నాను. "మందులాయన తనకి తెలుసన్నాడు. ఇంక నీ మాటెందుకినాల?" అన్నావు.

తెలీనిది తెలీదని ఒప్పుకోవడమే సైన్సు గొప్పతనమని బడిలో పిల్లలకి రోజూ చెబుతాను. భయంలో ఉన్న మనిషికి ఆ మాట ఎంత కటువుగా వినిపిస్తుందో నీ మొహం చూశాకే అర్థమైంది.

అయినా అప్పా, జబ్బు ఎందుకొస్తోందో తెలీదు గానీ, డయాలసిస్ మానేసినవాళ్ళు ఏమయ్యారో మన వీధిలో నువ్వూ చూశావు, నేనూ చూశాను.

ఆ మందులాయన్ని ఒక్కటడుగు: "నీకు తెలీనిదేటైనా ఉన్నాదా?" అని. ఉందంటే నేనే వచ్చి ఆయన చెప్పేది కూర్చుని వింటాను. లేదంటే మాత్రం ఆ పొడి పారబోసి, రేపు పొద్దున్నే బావతో ఆటో ఎక్కు. ఆసుపత్రి గేటు దగ్గర నేనుంటాను.

ఆ మిషను నిన్ను ఎన్నాళ్ళు కాపాడుతుందని మాత్రం అక్కడ అడగకు. అడిగితే మళ్ళీ అదే మాట అనాల్సి వస్తుంది.

నీ తమ్ముడు