సీటు కింది వైరు

నవంబరు 9, ఆదివారం

చిరంజీవి కోడలికి,

మీ అత్త దీవించి రాస్తున్నది. మీ మామగారూ నేనూ వేళకింత తింటున్నాం, తిరుగుతున్నాం. దాన్నే క్షేమం అనుకో. మీ అమ్మగారికీ నాన్నగారికీ మా నమస్కారాలు చెప్పు. నువ్వు ఈమధ్య కాస్త తింటున్నావని ఆవిడ చెబితే మనసు కుదుటపడింది.

ఫోన్‌లో మాట్లాడదామంటే ఇద్దరం ఏడ్చి పెట్టేస్తున్నాం. అందుకే కాగితం పట్టుకున్నాను. నా దస్తూరీ కోడి కెలికినట్టుంటుందని నీకు తెలుసు. ఓపిక చేసుకుని చివరిదాకా చదువు. విషయం బండి గురించి. ఆ మాట చూడగానే పక్కన పెట్టెయ్యకు.

అబ్బాయిని మింగిన ఆ వాగులోంచి పైకి లాగిన రోజు నుంచి అది కొట్టంలో టార్పాలిన్ కిందే ఉంది. మీ మామగారు తుక్కుకు అమ్మేద్దామన్నారు. అటు మోటార్‌సైకిలూ కాక ఇటు జీపూ కాక, నాలుగు చక్రాలుండీ నాలుగడుగులు కదలని దాన్ని ఎవరు కొంటారని అడ్డుపడ్డాను. అసలు కారణం అది కాదు. పుట్టింటికి వెళ్లేరోజు గుమ్మంలో నిలబడి నువ్వన్న మాట నన్ను వదల్లేదు. ఆ పొద్దున బండికి ఫ్యూజ్ పెట్టింది నేనే అత్తయ్యా అన్నావు. వాడు దాణా బస్తాలు ఎక్కిస్తూ తొందరపెడుతుంటే డబ్బాలో చేతికందింది పెట్టేశాననీ, చిన్నది పెట్టానేమో, అందుకే కొండ మీది దొడ్డి నుంచి పొగమంచులో దిగేటప్పుడు మలుపు దగ్గర ఇంజనూ లైటూ ఒకేసారి పోయాయనీ అన్నావు. నీ తప్పు లేదని అందరం అన్నాం. అన్నాం గానీ, మాకు మాత్రం ఏం తెలుసు? తెలుసుకోవాలనిపించింది.

పంపుసెట్లు బాగుచేసే మోటార్ల మేస్త్రిని పిలిచాను. బండి చూడగానే తల పట్టుకున్నాడు. వైర్లన్నీ రంగు వెలిసి ఏది ఎటు పోతుందో తెలియడం లేదు. అత్తాకోడళ్ల తగువైనా తెగుతుందేమో గానీ పాత బండి కరెంటు తగువు తెగదక్కా అన్నాడు. మా ఇంట్లో ఆ తగువు లేదు, ఉన్నది ఇదొక్కటే, తేల్చి చెప్పు నాయనా అన్నాను.

ముందు బ్యాటరీ చూశాడు. వైరు బిగించే చోట తెల్లగా పొడి పట్టి ఉంటే వేడినీళ్లు పోసి కడిగాడు. అయినా దానిలో ప్రాణం లేదు. తన దగ్గరున్న బ్యాటరీ తెచ్చి తగిలించాడు. తర్వాత ఫ్యూజ్ ఊడదీసి వెలుతురుకు పట్టుకున్నాడు. లోపలి తీగ తెగి ఉంది. దాన్ని చొక్కాకు తుడిచి, మీద అచ్చైన అంకె చదివి, ఈ బండికి పెట్టాల్సింది ఇదే అక్కా, మీ కోడలు సరైనదే పెట్టింది అన్నాడు.

మరెందుకు పోయినట్టు అని అడిగాను. కొత్తది పెట్టి తాళం తిప్పాడు. లైటు భేషుగ్గా వెలిగింది. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పాడు, కనబడిన ప్రతి వైరూ లాగి చూశాడు. కరెంటు వస్తోందో లేదో చూసే టెస్ట్ ల్యాంప్ నాకిచ్చి ఇక్కడ పెట్టు, అక్కడ పెట్టు అంటుంటే అలాగే పెట్టాను. ఈ వయసులో నేను నేర్చిన విద్య ఇదీ! ఎక్కడా తేడా కనపడలేదు. ఒక్కోసారి ఫ్యూజే నాసిరకందై పోతుందక్కా అని వెళ్లిపోయాడు. ఆ మాట నీకెలా చెప్పను? బండి జోలికి పోకుండా ఉండాల్సిందనుకున్నాను.

మర్నాడు పిలవకుండానే వచ్చాడు. నిన్న అన్నీ చూశాం గానీ బండి మీద ఎవరూ కూర్చోలేదు, నువ్వు కూర్చో అక్కా అన్నాడు.

అబ్బాయి సీటు అది. కొంగుతో దాని మీది దుమ్ము తుడిచాను. మీ మామగారు చెయ్యి అందించారు. ఎక్కాను. సీటు కిందికి దిగింది. గోడ మీద పడుతున్న వెలుగు టప్పున ఆరిపోయింది.

దిగమంటున్నా దిగలేకపోయాను. వాడికీ ఇలాగే ఆరి ఉంటుంది కదా అమ్మాయీ. ఎదురుగా గోడ కూడా లేదు.

సీటు ఎత్తి చూస్తే దాని కింది ఇనపపట్టీకీ బండి చట్రానికీ మధ్య ఒక వైరు నలిగి, రాగి బయటపడి ఉంది. అది ఇనుముకు తగిలినప్పుడల్లా ఫ్యూజ్ పోతుందట. వాడి బరువుకు లోతైన గుంతలో పడితేనే తగిలేది; నా బరువు సంగతి నీకు తెలిసిందేగా, నిలబెట్టిన చోటే తగిలింది. ఇది ఎన్నాళ్లుగానో రాసుకుంటున్న వైరక్కా, దేవుడొచ్చి పెట్టినా ఆ ఫ్యూజ్ పోయేదే అన్నాడు మేస్త్రి.

ఇది చెప్పాలనే ఇంత రాశాను. నీ చెయ్యి ఏ తప్పూ చెయ్యలేదు. ఇక్కడికి రమ్మని బలవంతపెట్టను. వస్తే నీ ఇల్లు. రాకపోయినా నువ్వు నా పిల్లవే.

ఎప్పటికీ నీ మేలు కోరే
అత్త

తా.క. కవరు అంటించి, మళ్లీ చింపాను. పైన ఒక సంగతి దాచాను.

ఆ వైరుకు నల్ల టేపు చుట్టి ఉంది. రాసుకుని చిరిగిపోయింది గానీ పాతది కాదు, ఇంకా నిగనిగలాడుతోంది. కత్తెరతో కోసింది కాదు, పళ్లతో తెంపింది. మన ఇంట్లో టేపు పళ్లతో తెంపేదెవరో నీకు చెప్పక్కర్లేదు. వాడికి తెలుసమ్మా. వైరు పాడైందని తెలిసీ, రెండు చుట్లు చుట్టేసి, నీకూ చెప్పక, మాకూ చెప్పక కొండెక్కాడు.

మీ మామగారు టార్చి కోసం లోపలికి వెళ్లినప్పుడు మేస్త్రీ నేనూ చూశాం. ఆయన వచ్చేలోపు మేస్త్రి ఆ టేపు ఒలిచి జేబులో పెట్టుకున్నాడు. ఆయనకు తెలియనివ్వను. ఆయన కొడుకు ఆయనకు అలాగే ఉండనీ. నీకూ చెప్పకూడదనే అనుకున్నాను. కానీ చెప్పకపోతే, ఆ సీటు ఎత్తి నేనెందుకు చూడలేదని మళ్లీ ఇంకోటి నెత్తినేసుకుంటావు నువ్వు.

నాకు వాడి మీద ఒళ్లు మండిపోతోంది. కొట్టంలో కూర్చుని నోటికొచ్చినట్టల్లా తిడుతున్నాను. తిడుతుంటే ఏడుపొస్తోంది, ఏడిస్తే కాస్త ఊపిరాడుతోంది.

నువ్వూ తిట్టు అమ్మాయీ.