నాన్న కాపలా దిగిన రోజు

అమ్మా,

నువ్వు వెళ్లిపోయి ఇవాళ్టికి ఏడాది. నాన్న సంగతి నీకు కాక ఎవరికి చెప్పుకోను?

క్యాన్సర్‌కి ఇక వైద్యం లేదన్నాక ఆయన్ని తాల్‌బగీచాలోని మన ఇంటికే తెచ్చేసుకున్నాను. నొప్పి తగ్గించే మందు పట్టడానికి నర్సు మీతా దీదీ రోజూ వస్తోంది. ఇవాళ మధ్యాహ్నం రైల్వే యార్డులో వ్యాగన్లు గుద్దుకున్న చప్పుడుకి నాన్న ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. మనసు మళ్లీ సైన్యంలోకి వెళ్లిపోయింది. నొప్పితో వణుకుతున్నా మందు దగ్గరికి రానివ్వలేదు. అది నిద్ర తెస్తుందని ఆయనకి తెలుసుగా.

"సెంట్రీ డ్యూటీలో ఉన్నోడు పడుకుంటాడేటి?" అంటూ దీదీ చెయ్యి తోసేశాడు. సీసా కిందపడబోతే పట్టుకున్నాను.

ఇంకేం చేయాలో తోచక ఆయన ఎదుట నిటారుగా నిలబడ్డాను. "డ్యూటీ మారింది. నాను వచ్చినాను. నువ్వు దిగిపో."

నన్ను పోల్చుకోలేదు. "ఆగక్కడ! పాస్‌వర్డ్ సెప్పు!" అని గద్దించాడు.

నాకేం తెలుసమ్మా? నోటికి నీ పేరే వచ్చింది.

"వరలక్ష్మి."

నాన్న భుజాలు వాల్చి, "ఠీక్ హై" అని నోరు తెరిచాడు.

మందు మింగి నిద్రపోయాడు. దీదీ కుర్చీ తెచ్చి వేసింది. చీకటి పడేదాకా నేను కూర్చోలేదు.