ఆయన తరఫున నేను చెప్పిన జవాబు

12-8-2013, సోమవారం

ఉదయం పదకొండూ ఇరవైకి ఒకమ్మాయి వచ్చింది. మెడలో కార్డు, చేతిలో ప్యాడ్. పేరు రాజశ్రీ, మల్లాపూర్ పిల్ల. ఏదో మెడికల్ కాలేజీ వాళ్ళు నాచారం, ఉప్పల్‌లలో నాలుగు వేల ఇళ్ళు తిరిగి, పక్షవాతం, మూర్ఛ, తలకు తగిలిన దెబ్బలు ఎందరికి ఉన్నాయో లెక్క తీస్తున్నారట. నేను నమ్మలేదు. రాష్ట్రం రెండవుతుందని ప్రకటన వచ్చి రెండు వారాలు కాలేదు. గుంటూరు నుంచి వచ్చి నలభై ఏళ్ళయిన మాలాంటివాళ్ళ గుమ్మంలో నిలబడి ఎవరైనా పేర్లు రాసుకుంటే ఏమనుకోవాలి? సొంతూరు అడుగుతావా అన్నాను. లేదు మేడం, బీపీ అడుగుత అంది.

గుమ్మంలోనే నిలబెట్టి జవాబులు చెప్పాను. కొడుకూ కోడలూ ఆఫీసులో, మనవరాలు స్కూల్లో. అరవై దాటినవాళ్ళం ఇద్దరం, నేనూ ఆయనా. ఎప్పుడైనా, ఐదు నిమిషాలకైనా సరే, ఒక పక్క చెయ్యి గానీ కాలు గానీ పట్టు తప్పిందా, మూతి పక్కకు పోయిందా, మాట తడబడిందా అని అడిగింది. నాకు లేదు. ఆయనకూ లేదు. సారును గూడ అడగాలె మేడం, ఇంట్ల ఉన్నరా అంది. ఆయన లోపల పేపరు చదువుతున్నారు. నలభై ఆరేళ్ళుగా ఆయన తరఫున నేనే చెబుతున్నాను, రాసుకో అన్నాను.

ఫారం తీసుకుని చూశాను. ఇంటి నంబరులో ఒక అంకె తప్పు. దిద్దించాను. టీచరుగా మూడు జనాభా లెక్కలు చేసినదాన్ని, నా దగ్గరా.

13-8-2013

నిన్న ఎవరో వచ్చినట్టున్నారు అన్నారు ఆయన, పేపర్లోంచి తల ఎత్తకుండా. చెప్పాను. ఏమేం అడిగిందన్నారు. అదీ చెప్పాను. ఊఁ అన్నారు. కాఫీ సగం వదిలేశారు.

27-8-2013

మనవరాలు భాగ్యశ్రీని హెచ్‌ఎంటీ నగర్ ట్యూషన్‌కు ఇవాళా నడిపించుకునే తీసుకెళ్ళారు. స్కూటర్ మార్చి నుంచీ కవరు కింద ఉంది. క్లచ్ వైరు పోయిందట. ఐదు నెలలుగా ఒక వైరు వేయించుకోలేని మనిషి ముప్పై ఏళ్ళు ప్రభుత్వ పరిశోధన ల్యాబ్‌లో వర్క్‌షాప్ నడిపారంటే ఎవరైనా నమ్ముతారా? ఆయన ముందే అన్నాను. బద్ధకం అని కూడా అన్నాను.

17-9-2013, మంగళవారం

రాజశ్రీ మళ్ళీ వచ్చింది. పదిళ్ళకు ఒకటి చొప్పున మళ్ళీ అడిగి సరిచూస్తారట. మా ఇల్లు వచ్చింది. పద్ధతి మంచిదే. ఒక్కొక్కల్ని వేరువేరుగ అడగాలె మేడం, పోయినసారి మీరు అడగనియ్యలే, మా సూపర్‌వైజర్ నన్ను తిట్టిండు అంది. కూర్చోమన్నాను. ఆయన్ని పిలిచాను. నేనూ కుర్చీ లాక్కున్నాను. ఆ పిల్ల నావైపు చూసి, మేడం, జర మంచినీళ్ళిస్తరా అంది.

వంటింట్లో గ్లాసు నింపుతుండగా అర్థమైంది. 1991 లెక్కలప్పుడు ఒక ఇంట్లో కోడలి బదులు అత్తగారు జవాబులు చెబుతుంటే నేనూ ఇలాగే మంచినీళ్ళు అడిగాను.

గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. రెండుసార్లు అంటున్నారు ఆయన. మార్చిలో ఒకసారి, జూన్‌లో ఒకసారి. కుడిచెయ్యి. పది నిమిషాలకు మళ్ళీ మామూలే. మేడంకు ఎరుకేనా అని అడిగింది. లేదమ్మా, నువ్వూ చెప్పకు అన్నారు. అట్ల గాదు సార్, ఇది దవాఖానకు పోవాల్సిన ముచ్చట, మీరు చెప్తరా, నన్ను చెప్పమంటరా అంది.

నీళ్ళు తెచ్చి బల్లమీద పెట్టాను. ఆయన రాజశ్రీ వైపే చూస్తూ నాకు చెప్పారు.

అదే రోజు, సాయంత్రం 6.30

మార్చి 11. ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర, మెట్రో పనుల బారికేడ్ల పక్కన. హ్యాండిల్ మీద చెయ్యి ఉందో లేదో తెలియలేదట. ఎలాగో బండి పక్కకు తీసి, పిల్లర్ కోసం తవ్వి పోసిన మట్టి మీద కూర్చున్నారట. వెనక సీటు మీద భాగ్యశ్రీ ఉంది.

ఆ రోజు నుంచే ఆయన బండి ముట్టుకోలేదు. క్లచ్ వైరు బాగానే ఉంది.

బద్ధకం అన్నాను.

18-9-2013

భాగ్యశ్రీని అడిగాను. తొమ్మిదో తరగతి, చిన్నపిల్లేం కాదు. నీకు తెలుసా అంటే తెలుసు నాన్నమ్మా అంది. ఎందుకు చెప్పలేదన్నాను. తాతయ్య ఒట్టు వేయించుకున్నారట. చెబితే నువ్వు ఆయన్ని గేటు దాటనివ్వవట అంది. పుస్తకం తెరుస్తూ, నిజమే కదా అంది. లెక్కలు చేసుకో పో అన్నాను.

21-9-2013, శనివారం

న్యూరాలజిస్ట్ దగ్గరికి తీసుకెళ్ళాం. స్కాన్‌లో చిన్న మచ్చ కనిపించింది. వచ్చి పోయినవి చిన్నవి, పెద్దది రావచ్చని చెప్పడానికి వచ్చినవి అన్నాడు డాక్టరు. రక్తం పలచబడటానికి ఒక మాత్ర, బీపీకి ఒకటి, కొలెస్ట్రాల్‌కు ఒకటి రాశాడు. మళ్ళీ వస్తే నాలుగున్నర గంటల లోపల ఇంజెక్షన్ పడాలట. ఎంత ముందు వస్తే మెదడు అంత మిగులుతుందట. చెయ్యి తేడాగా ఉందని ముందు తెలిసేది మీకే సార్, తెలిసిన వెంటనే మీరు చెప్పాలి అని ఆయనతో అన్నాడు.

చెబుతారు అన్నాను నేను.

డాక్టరు నావైపు ఒకసారి చూశాడు.

24-9-2013

పట్టిక గీశాను. ఉదయం ఆరు, తొమ్మిది, మధ్యాహ్నం ఒంటిగంట, సాయంత్రం ఐదు, రాత్రి ఎనిమిది. నవ్వమంటాను. రెండు చేతులూ చాపి పది లెక్కపెట్టమంటాను. ఒక వాక్యం చెప్పమంటాను. మూడూ సరిగా ఉంటే టిక్కు. పొద్దున నడక బంద్. పిల్లకు ఆటో మాట్లాడాను. సాయంత్రాలు ఆయనా, పాత వర్క్‌షాప్ మిత్రుడు త్రిమూర్తులు గారూ ఉప్పల్ దాకా వెళ్ళి, క్రేన్ మెట్రో పిల్లర్ల మీదికి దిమ్మలెత్తుతుంటే చూసి వచ్చేవారు. అదీ బంద్.

త్రిమూర్తులు గారు గేటు దగ్గరే నిలబడి, ఏమమ్మా పద్మావతీ, మా జనార్ధనరావును చర్లపల్లి జైల్లో వేశావా అన్నారు. ములాఖత్ ఏ రోజు అన్నారు. నాకు నవ్వు రాలేదు.

29-9-2013

నవ్వమంటే నవ్వుతున్నారు. అంతకుమించి ఐదు రోజులుగా ఒక్క మాట లేదు.

3-10-2013, మధ్యాహ్నం 1.10

భోజనం దగ్గర గ్లాసు జారిపడింది. చెయ్యా అన్నాను. గ్లాసు తడిగా ఉంది అన్నారు. చేతులు చాపమన్నాను. చాపారు. పది లెక్కపెట్టారు. కుడిచెయ్యి కిందికి వాలిందా? వాలిందనిపించింది. వాలలేదు అన్నారు ఆయన.

టిక్కు పెట్టాలో వద్దో తెలియలేదు. ఉద్యోగంలో గానీ ఇంట్లో గానీ ఒక గడి ఖాళీగా వదలడం నాకు ఇదే మొదలు.

3.00

మళ్ళీ చూశాను. మామూలే.

3.20

రోజుకు ఐదుసార్లు చేయిస్తే ఎవరికైనా వచ్చేస్తుంది. ఎన్ని వేలమంది పిల్లలను చూశాను, అర్థం కాకపోయినా అప్పజెప్పేవాళ్ళను. ఆయన నా పరీక్ష పాసవడం నేర్చుకున్నారు. నిజంగా వచ్చిన రోజున కూడా పాసవుతారు. పాసై, లోపలికెళ్ళి పడుకుంటారు.

8-10-2013

స్కాన్ రిపోర్టులో వివరాలు రాసుకోవడానికి రాజశ్రీ వచ్చింది. ఈసారి కుర్చీ వేసి టీ ఇచ్చాను. గోడమీద పట్టిక చూసి, మస్తు రాసిన్రు మేడం, మా కాలేజీల గూడ ఇంత నీట్‌గ రాయరు అంది. నాకు సంతోషమైంది. ఆమె ఆగలేదు. ఒంటిగంటకు, ఐదింటికి నడుమ వస్తెనో అంది. స్నానం జేసేటప్పుడు వస్తెనో. అప్పుడు సార్ ఏం జేస్తడు అంది.

ఆమె కప్పులో ఇంకాస్త టీ పోశాను.

ఇంకొకటి చెప్పింది. వాళ్ళ లెక్కల్లో ఆడవాళ్ళు జవాబు చెప్పిన ఇళ్ళలో మగవాళ్ళకు రోగాలు తక్కువట. మరి మగవాళ్ళు చెప్పిన ఇళ్ళలో అన్నాను. ఆడోళ్ళకు రోగాలే లేవు మేడం, అందరు ఉక్కుముక్కలే అంది. చాలా రోజులకు నవ్వాను. అది చూసి ధైర్యం వచ్చిందేమో, చెప్పులు వేసుకుంటూ, ఏమనుకోకున్రి మేడం, సారుకు రోగమంటే భయం లేదు, మీరంటేనే భయం అంది.

స్కూల్ ఇన్‌స్పెక్టర్లు కూడా నాతో ఇంత మాట అనలేదు.

9-10-2013

పట్టిక గోడమీంచి తీసి ఆయన ముందు పెట్టాను. ఇక చేతులు చాపమనను, నవ్వమనను అన్నాను. వస్తే మీరే నాకు చెప్పాలి, చెప్పినందుకు నేను ఏదీ ఆపను అన్నాను. నడకా అన్నారు. ఆపను. క్రేనా అన్నారు. ఆపను. ఆవకాయా అన్నారు. అది ఆపింది డాక్టరు, నేను కాదు అన్నాను. బండి మాట ఆయనే ఎత్తారు. అది అమ్మేద్దాం పద్మా అన్నారు.

మీరు చెబితే నేను అరవను అని కూడా అన్నాను. అందుకు ఆయన నవ్వారు. నేను అడగకుండా నవ్విన నవ్వు. పెదవులు రెండు వైపులా సమంగా లేచాయో లేదో చూడకుండా ఉండలేకపోయాను.

10-10-2013

4.30 వెళ్ళారు. త్రిమూర్తులు గారు వెంట ఉన్నారు. జేబులో సెల్‌ఫోను, ఆసుపత్రి పేరు రాసిన చీటీ.
5.00 వంటిల్లు తుడిచాను.
5.20 మళ్ళీ తుడిచాను.
5.45 గేటు దగ్గర నిలబడ్డాను. కూరలబండి అతను ఏం కావాలమ్మా అన్నాడు. ఏమీ వద్దన్నాను.
6.10 వచ్చారు. చొక్కా నిండా సిమెంటు దుమ్ము. ఇవాళ ఐదు దిమ్మలెత్తారు అన్నారు. చెయ్యి ఎలా ఉందన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను.

22-10-2013

వాన. అయినా వెళ్ళారు. అడగకుండా ఉండటం ఇవాళ్టికి పదమూడో రోజు.

30-10-2013

మెట్టు దిగుతుంటే కాలు జారిందని ఆయనే వచ్చి చెప్పారు. చెప్పు తెగింది, అంతే. రోగం కాదు. అయినా వచ్చి చెప్పారు. అలాగా అన్నాను. ఆ ఒక్క మాట అని ఊరుకోవడానికి నేనెంత అవస్థ పడ్డానో ఆయనకు తెలియదు.

6-11-2013, బుధవారం, సాయంత్రం 5.50, ఆసుపత్రి

వంటింటి గుమ్మంలోకి వచ్చి, పద్మా, చెయ్యి అన్నారు. గడియారం చూశాను. 4.14. నేను అరవలేదు. ఆటోలో కుడిచెయ్యి నా ఒళ్ళో పెట్టుకున్నాను. బరువుగా ఉంది.

ఎప్పుడు మొదలైందని డాక్టరు నన్ను అడిగాడు. ఆయన్ని అడగండి అన్నాను. మాట ముద్దగా వచ్చింది, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. నాలుగూ పది. అదే రాసుకున్నారు.

ఇంజెక్షన్ ఇస్తున్నారు. నన్ను బయట కూర్చోమన్నారు. ఏమవుతుందో ఇప్పుడే చెప్పలేమన్నారు.

మార్చిలో వచ్చినది నాకు చెప్పడానికి ఆయనకు ఆరు నెలలు పట్టింది. ఇవాళ నాలుగు నిమిషాలు.